వెట్టి చాకిరీ సరుకు మన రేవుల్లో దిగకూడదు: తెలుగు ఎంపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పార్లమెంటు సభ్యులందరికీ నమస్కారం.

లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది, మొత్తం 60 మంది రెండు తెలుగు రాష్ట్రాల తరఫున ఢిల్లీలో ఉన్నారు. రొయ్య రేటు పడిపోయినా, పామాయిల్ గెల ధర తగ్గినా రైతులు మీ ఇళ్ల ముందుకొస్తారు. మీరు వాణిజ్య మంత్రికి వినతిపత్రాలు ఇస్తారు. ఇవ్వాలి కూడా. ఈ ఉత్తరం మాత్రం ధరల గురించి కాదు, ఆ సరుకు వెనక పనిచేసిన మనుషుల గురించి.

బలవంతపు చాకిరీతో తయారైన సరుకును మన దేశంలోకి రానివ్వకుండా ఆపే చట్టం మనకు లేదు. అమెరికాకు ఉంది. కెనడా 2020లో, మెక్సికో 2023లో తెచ్చుకున్నాయి. యూరోపియన్ యూనియన్ 2024లో చట్టం చేసింది, 2027 డిసెంబర్ 14 నుంచి అది అమలవుతుంది. మనకూ అలాంటి చట్టం కావాలి. అందులో సరుకును ఆపే అధికారం ఒక్కటే ఉంటే చాలదు, ఆ సరుకు చేసినవాళ్లకు రావాల్సిన బాకీ ఇప్పించే ఏర్పాటు కూడా ఉండాలి. నేను అడిగేది ఈ రెండూ కలిపి.

నేను ఏలూరులో కార్మికుల కేసులు చూసే న్యాయవాదిని. మా జిల్లాలో కైకలూరు వైపు పోతే చెరువులు, చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు పోతే పామాయిల్ తోటలు. డెల్టాలో పండే రొయ్య అమెరికా వాళ్ల పళ్లేల్లోకి పోతుంది. మెట్టలో పండే గెల మలేషియా, ఇండోనేషియా నుంచి వచ్చే నూనెతో పోటీ పడుతుంది. ఒకే జిల్లాలో ఎగుమతి కష్టమూ చూస్తాం, దిగుమతి కష్టమూ చూస్తాం.

ముందు నూనె సంగతి చెప్తాను. మన దేశం ఏటా 75 లక్షల టన్నులకు పైగా పామాయిల్ కొంటుంది. ప్రపంచంలో ఇంత కొనే దేశం ఇంకోటి లేదు. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగి, రిఫైనరీలకు పోయి, ప్యాకెట్లై మన వంటింట్లోకి వస్తుంది. బజ్జీల బండి మీద మూకుట్లో కాగేదీ ఎక్కువగా అదే. 2020 సెప్టెంబర్ 30న అమెరికా కస్టమ్స్ మలేషియాలోని ఎఫ్‌జీవీ కంపెనీ పామాయిల్‌ను ఆపేసింది. అదే ఏడాది డిసెంబర్ 30న సైమ్ డార్బీ ప్లాంటేషన్ నూనెనూ ఆపింది. ఎఫ్‌జీవీ విషయంలో చెప్పిన కారణాలు చదివితే కడుపు తరుక్కుపోతుంది. పాస్‌పోర్టులు లాక్కోవడం, జీతాలు ఆపేయడం, అప్పు చూపించి కట్టేసుకోవడం, కదలనివ్వకపోవడం, కొట్టడం, ఆడవాళ్ల మీద లైంగిక హింస. మలేషియా తోటల్లో కత్తి కట్టిన పొడవాటి గడతో గెలలు కోసేవాళ్లలో చాలామంది ఇండోనేషియా, బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వలస వెళ్లినవాళ్లు. మన దేశం వాళ్లూ ఉన్నారు.

అమెరికా రేవులో ఇలా ఆగిన సరుకును దిగుమతిదారు ఇంకో దేశానికి తిప్పి పంపేసుకోవచ్చు. అందుకు చట్టం ఒప్పుకుంటుంది. అక్కడ వద్దన్న సరుకు ఎటు పోతుంది? అడిగే చట్టం లేని దేశానికి పోతుంది. మన రేవులో అధికారులు నూనె నమూనా తీసి ల్యాబుకి పంపుతారు, ఇన్వాయిస్ చూస్తారు, సుంకం లెక్క కడతారు. ఆ గెలలు కోసినవాడి పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందని అడిగే గడి మాత్రం ఏ ఫారంలోనూ లేదు.

ముడి పామాయిల్ మీద మొత్తం సుంకం 2024 సెప్టెంబర్‌లో 27.5 శాతానికి పెరిగింది, 2025 మే చివర్లో 16.5 శాతానికి తగ్గింది. రెండుసార్లూ వార్తల్లో చర్చ నడిచింది. సుంకం ఎంత ఉండాలన్న దాని మీద ఎన్ని వాదనలైనా ఉండొచ్చు. కానీ జీతం ఎగ్గొట్టి కోయించిన గెలతో మా చింతలపూడి రైతు ధరలో పోటీ పడాలా? ఈ ప్రశ్న పార్లమెంటులో మీరే లేవనెత్తాలి. దేశంలో పామాయిల్ పండించే రాష్ట్రాల్లో మొదటిది ఆంధ్రప్రదేశ్, రెండోది తెలంగాణ.

సోలార్ ప్యానెళ్లదీ ఇదే కథ. 2020 నాటికి ప్రపంచంలో ఈ ప్యానెళ్లకు మూల పదార్థమైన పాలీసిలికాన్‌లో దాదాపు 45 శాతం చైనాలోని షిన్‌జియాంగ్ నుంచే వచ్చేది. అక్కడ ఉయ్‌ఘుర్ ముస్లింలను ప్రభుత్వమే ‘కార్మిక బదిలీ’ పేరుతో ఫ్యాక్టరీలకు తోలుతోంది. కాదంటే నిర్బంధ కేంద్రం. అందుకే అమెరికా 2021 డిసెంబర్‌లో ప్రత్యేక చట్టం చేసింది. 2022 జూన్ 21 నుంచి షిన్‌జియాంగ్‌తో ఏ కొంచెం సంబంధమున్న సరుకునైనా బలవంతపు చాకిరీ సరుకుగానే లెక్కవేస్తారు. కాదని రుజువు చేసుకునే భారం దిగుమతిదారుదే. మన ఓర్వకల్లులోనూ, ఎన్‌పీ కుంటలోనూ వేల ఎకరాల్లో ప్యానెళ్లున్నాయి. దిగుమతి ప్యానెళ్ల మీద 2022 ఏప్రిల్ నుంచి 40 శాతం సుంకం వేశాం, ఆమోదించిన కంపెనీల జాబితా పెట్టాం. ఎక్కడ చేశారని, ఎన్ని వాట్లని అడుగుతున్నాం. ఎవరిచేత ఎలా చేయించారని అడగడం లేదు.

ఇప్పుడు మీలో కొందరికి వచ్చే అనుమానం నాకు తెలుసు. ఇదంతా పెద్ద దేశాలు తమ వ్యాపారాన్ని కాపాడుకోవడానికి వేసిన ఎత్తు కాదా అని. అందులో కొంత నిజముంది, దాచను. అమెరికా చట్టం పుట్టింది 1930 నాటి సుంకాల చట్టంలో. బలవంతపు చాకిరీతో చేసినదైనా సరే, తమ దేశంలో సరిపడా తయారుకాని సరుకైతే రానివ్వొచ్చని అందులోనే ఒక మినహాయింపు పెట్టుకున్నారు. 2016 దాకా అది కొనసాగింది. అంటే ఎనభై ఏళ్లకు పైగా పక్క దేశపు కూలీ కన్నీళ్ల కంటే సొంత ఫ్యాక్టరీ లాభమే వాళ్లకు ముఖ్యమైంది. ఇవాళ మన రొయ్య మీద ఫిర్యాదులు చేసేవాళ్లలో అక్కడి దక్షిణ తీరపు రొయ్యల వేటగాళ్ల సంఘాలూ ఉన్నాయి. వాళ్ల లాభం వాళ్లు చూసుకుంటున్నారు.

1996లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో కార్మిక ప్రమాణాలను వ్యాపారంతో ముడిపెట్టొద్దని భారత్ గట్టిగా నిలబడింది. అప్పటి భయానికి కారణాలున్నాయి. కానీ కాలం అక్కడే ఆగలేదు. 2025 జూలైలో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలో కార్మికుల మీద ఒక అధ్యాయం ఉంది. స్విట్జర్లాండ్, నార్వే లాంటి దేశాల కూటమితో 2024లో సంతకం చేసిన ఒప్పందంలోనూ కార్మికుల ప్రస్తావన ఉంది. వద్దన్న మాటకు మనమే కొంత ఒప్పుకున్నాక, ఇంకొకరు రాసిచ్చిన షరతు మీద సంతకం పెట్టడం కంటే మన చట్టం మనమే రాసుకోవడం మంచిది కదా!

రాసుకోవడానికి మన దగ్గర ఆధారాలు లేవా అంటే, చాలా ఉన్నాయి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. నైజాం కాలంలో వెట్టి ఎలా ఉండేదో తెలంగాణ ఎంపీలకు నేను చెప్పాల్సిన పని లేదు, ఆ చాకిరీ మీద తిరగబడ్డ ఊళ్లు మీ నియోజకవర్గాల్లోనే ఉన్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో తెచ్చిన బలవంతపు చాకిరీ ఒప్పందాన్ని మన దేశం 1954లోనే ఆమోదించింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం కూడా బలవంతపు చాకిరీయే, ఆకలి చేత ఒప్పుకున్నది ఇష్టంతో ఒప్పుకున్నది కాదు అని తేల్చింది. అమెరికా చట్టంలోని నిర్వచనం కంటే ఇది విశాలమైనది.

అన్నిటికంటే నాకు ముఖ్యంగా కనిపించేది 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టంలోని 15వ సెక్షన్. ఇది వెట్టి అప్పు అని కూలీ గానీ, వెట్టి మీద నిఘాకు పెట్టే విజిలెన్స్ కమిటీ గానీ అంటే, కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవాడే. షిన్‌జియాంగ్ సరుకు విషయంలో అమెరికా 2021లో పెట్టిన సూత్రం, రుజువు భారం బలవంతుడి మీద వేయడమనేది, మన చట్టంలో 45 ఏళ్ల ముందే ఉంది. దాన్ని ఊళ్లలోనే సరిగా అమలు చేయలేదు. రేవుల దాకా తీసుకెళ్లాలని ఎవరికీ తట్టలేదు.

ఊళ్లో అమలు ఎలా ఉందో నా దగ్గరకొచ్చిన ఒక కేసు చెప్తాను. ఉద్దానం నుంచి వచ్చిన ఒకావిడ డెల్టాలోని ఒక పీలింగ్ షెడ్డులో పనిచేసేది. మేస్త్రి దగ్గర 20 వేలు అడ్వాన్సు తీసుకుని వచ్చింది. ఐసు నీళ్ల టబ్బులో రొయ్య తీసి, తల విరిచి, పెంకు ఒలిచి, నరం లాగాలి. కిలోకింత అని లెక్క. నెలాఖరుకి భోజనం కటింగు, గది కటింగు, అడ్వాన్సు కటింగు పోగా చేతికొచ్చేది చాలా తక్కువ. సంతకు వెళ్లాలన్నా గేటు దగ్గర చీటీ ఉండాలి. ఇంట్లో అమ్మకు బాగోలేదన్నా మేస్త్రి వినలేదు. “బాకీ తీరేదాకా ఊరెళ్లనివ్వరమ్మా” అని ఆవిడ నాతో చెప్పింది. వకాల్తా మీద వేలిముద్ర వేయిద్దామంటే గీతలు పడలేదు. ఉప్పు, ఐసు, రొయ్య ముల్లు కలిసి వేళ్ల చర్మాన్ని తినేశాయి. రేషన్ షాపు మిషన్‌లోనూ ఆవిడ వేలు పడటం లేదు, మూడు నెలలుగా బియ్యం రాలేదు. అధికారి దగ్గరకు తీసుకెళ్తే ఆయన అన్న మొదటి మాట, “తనంతట తనే వచ్చి అడ్వాన్సు తీసుకుంది కదా, ఇది వెట్టి ఎలా అవుతుంది?” అని. 15వ సెక్షన్ చదివి వినిపించాల్సి వచ్చింది. చివరికి అడ్వాన్సు రద్దయింది, ఆవిడ ఊరెళ్లిపోయింది. వెట్టి నుంచి విడిపించినట్టు ఇచ్చే విడుదల పత్రం మాత్రం ఇవ్వలేదు. ఆ కాగితం లేకపోతే ప్రభుత్వ పునరావాస సాయానికి దారి లేదు.

షెడ్లన్నీ ఇలాగే ఉన్నాయని నేననడం లేదు. చట్ట ప్రకారం జీతం, పీఎఫ్, ఈఎస్ఐ ఇచ్చే ప్లాంట్లు నాకు తెలుసు. 2023-24లో మన దేశం 7 లక్షల టన్నులకు పైగా శీతలీకరించిన రొయ్యలు ఎగుమతి చేసింది. అందులో సుమారు 2.97 లక్షల టన్నులు అమెరికాకే వెళ్లాయి. మన దేశపు రొయ్యలో పెద్ద వాటా ఆంధ్రాదే. 2024 మార్చిలో అమెరికాలోని ఒక హక్కుల సంస్థ మన రొయ్యల పరిశ్రమలో పని పరిస్థితుల మీద నివేదిక ఇస్తే, ఇక్కడ ప్రభుత్వమూ ఎగుమతిదారులూ వెంటనే ఖండించారు. ఖండన ఒక్కరోజు పేపర్లో వస్తుంది. అమెరికా కస్టమ్స్ రేపు ఏదైనా ప్లాంటు సరుకు ఆపితే ఆ పేపరు కటింగు పనికిరాదు. అప్పుడు పనికొచ్చేది మనమే చేసిన తనిఖీ, మనమే ఇప్పించిన బాకీ, ఆ షెడ్డులోని ఆడవాళ్లు స్వయంగా చెప్పే మాట. ఇవేవీ లేకపోతే నష్టపోయేది ఒక్క యజమానే కాదు. చెరువు గట్టు మీద రేటు కోసం ఎదురుచూసే రైతు, రోజు కూలి పోయే అదే ఆడమనిషి, ఇద్దరి నోటి దగ్గర కూడూ పోతుంది.

ఇలాంటి చట్టాల్లో నన్ను భయపెట్టేదీ అదే. సరుకు ఆపగానే ఆర్డర్లు పోతాయి, ఆర్డర్లు పోతే ముందు ఇంటికి పంపేది కూలీలనే. మనం రాసే చట్టం ఈ తప్పు చేయకూడదంటే రెండు అనుభవాలు చూడాలి.

మొదటిది టాప్ గ్లోవ్. కరోనా రోజుల్లో ప్రపంచమంతా వాడిన రబ్బరు గ్లోవ్స్‌లో పెద్ద భాగం ఈ మలేషియా కంపెనీవే. 2020 జూలైలో ఆ కంపెనీకి చెందిన కొన్ని ఫ్యాక్టరీల సరుకును అమెరికా ఆపింది. 2021 మార్చిలో బలవంతపు చాకిరీ ఉందని తేల్చింది. 2021 సెప్టెంబర్‌లో నిషేధం ఎత్తేసింది. ఈ మధ్యలో కంపెనీ కార్మికులకు 3 కోట్ల డాలర్లకు పైగా కట్టింది. ఏంటా డబ్బు? బంగ్లాదేశ్, నేపాల్ లాంటి చోట్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఉద్యోగం కోసం ఏజెంట్లకు పోసిన వీసా డబ్బు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ఎంపీలకు ఇది కొత్త కథ కాదు. మన చట్టం ప్రకారం ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్ష, లక్షన్నర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పోసినవాళ్లు మీ ఊళ్లలో వీధికొకరుంటారు. ఆ అప్పు తీరేదాకా గల్ఫ్‌లో ఎంత తిట్టినా, ఎండలో ఎన్ని గంటలు నిలబెట్టినా నోరెత్తలేరు. టాప్ గ్లోవ్ విషయంలో అలాంటి డబ్బు వెనక్కి వచ్చింది. ఎవరో జాలిపడి ఇవ్వలేదు, సరుకు రేవులో ఆగిపోయింది కాబట్టి ఇచ్చారు.

రెండోది మన పక్కనున్న తమిళనాడులోని దిండిగల్. నాచి అపారెల్ అనే బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక దళిత యువతి 2021 జనవరిలో హత్యకు గురైంది. నిందితుడు ఆమె సూపర్‌వైజరే. తోటి ఆడవాళ్లు ఊరుకోలేదు. దళిత మహిళలు నడిపే తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ ఏడాదికి పైగా పోరాడి, 2022 ఏప్రిల్‌లో మాతృసంస్థ ఈస్ట్‌మన్ ఎక్స్‌పోర్ట్స్‌తో, బట్టలు కొనే హెచ్ అండ్ ఎం కంపెనీతో ఒప్పందం రాయించుకుంది. తర్వాత గ్యాప్, పీవీహెచ్ అనే బట్టల కంపెనీలు కూడా చేరాయి. వేధింపు మీద ఫిర్యాదు వస్తే విచారించే యంత్రాంగం ఉంటుంది, లైన్లలో పనిచేసే ఆడవాళ్లే శిక్షణ పొంది కనిపెట్టుకుని ఉంటారు, యజమాని ఒప్పందం తప్పితే కొనే కంపెనీలు వ్యాపారం తగ్గించాలి. అదే ఏడాది జూలై 29న అమెరికా కస్టమ్స్ నాచి సరుకును ఆపింది. సెప్టెంబర్ 7న ఆ ఆదేశం ఎత్తేసింది. ఆరు వారాలు కూడా పట్టలేదు. వేరే కేసుల్లో ఏళ్లు గడుస్తుంటే ఇక్కడ ఇంత తొందరగా ఎలా తేలింది? లోపలేం జరుగుతోందో చెప్పగల యూనియన్ ఉంది, చెప్పినా ఉద్యోగం పోదన్న ధైర్యం ఉంది, సరిదిద్దిన దాఖలా ఉంది.

షిన్‌జియాంగ్‌లో యూనియన్ పెట్టుకునే వీల్లేదు, కోర్టుకు వెళ్లే వీల్లేదు. చాకిరీ చేయిస్తున్నది ప్రభుత్వమే అయితే మొత్తం సరుకును నిషేధించడం తప్ప దారి లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో 2.76 కోట్ల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారు, అందులో ప్రభుత్వాలే చేయించేది 39 లక్షల మందిచేత. మిగతా అందరినీ కట్టేసింది ప్రైవేటు యజమానులూ ఏజెంట్లే. వాళ్ల విషయంలో చట్టం దిండిగల్ దారిలో నడవాలి. సరుకు ఆగాలి, బాకీ చెల్లాలి, పని కొనసాగాలి.

కొత్త చట్టం దాకా ఆగాల్సిన పని కూడా లేదు. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టంలోని 3వ సెక్షన్ ఏ దిగుమతినైనా ఉత్తర్వుతో నిషేధించే అధికారం కేంద్రానికి ఇస్తోంది. మొదటి అడుగు ఒక నోటిఫికేషన్‌తో పడొచ్చు. ప్రపంచ వాణిజ్య నిబంధనల్లో జైలు ఖైదీల చేత చేయించిన సరుకుకీ, ప్రజా నైతికతకీ మినహాయింపులు 1947 నుంచీ ఉన్నాయి. యూరప్ చట్టం బయటి సరుకుకీ, యూరప్‌లోనే చేసిన సరుకుకీ, ఎగుమతికీ ఒకే కొలత పెట్టింది. మనమూ అలాగే పెడితే వివక్ష అని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇంటి సరుకుకి ఒక న్యాయం, బయటి సరుకుకి ఒక న్యాయం అయితే నేను సమర్థించను.

పూర్తి చట్టం వచ్చేసరికి అందులో ఈ మాటలు ఉండి తీరాలి. ఫిర్యాదు ఏ కార్మికుడైనా, ఏ దేశం నుంచైనా, తన భాషలో, వకీలు లేకుండా చేయగలగాలి. ఆపిన సరుకును ఇంకో దేశానికి తిప్పేసి చేతులు దులుపుకునే వీలు ఉండకూడదు. ఏజెంట్లకు పోసిన డబ్బు, ఎగ్గొట్టిన జీతం కార్మికుల ఖాతాల్లో పడ్డాయని వాళ్ల యూనియన్ గానీ, వాళ్లు ఎన్నుకున్న ప్రతినిధులు గానీ చెప్పేదాకా సరుకు కదలకూడదు. యజమాని డబ్బిచ్చి తెచ్చుకునే ఆడిట్ సర్టిఫికెట్ ఒక్కదాన్నీ రుజువుగా ఒప్పుకోకూడదు. అలాంటి ఆడిట్ రోజున షెడ్డులో కొత్త గ్లోవ్స్ కనబడతాయి, మర్నాడు మాయమవుతాయి. ఆపిన ప్రతి సరుకు పేరు, కారణం, తేదీ అందరూ చూసేలా పెట్టాలి. చిన్న దిగుమతిదారులకు గడువు ఇవ్వండి, పామాయిల్, సోలార్, పత్తి లాంటి పెద్ద సరుకులతో మొదలుపెట్టండి.

దాంతోపాటు ఇంటి పని కూడా ఉంది. జిల్లా, డివిజన్ స్థాయి విజిలెన్స్ కమిటీలు మీ నియోజకవర్గాల్లో చివరిసారి ఎప్పుడు కూర్చున్నాయో కలెక్టర్లను అడగండి. పెద్దపల్లి, సంగారెడ్డి ఇటుక బట్టీలకు ఒడిశా బలంగీర్ నుంచి అడ్వాన్సుల మీద వచ్చే కుటుంబాల గురించి అడగండి. విడుదల పత్రానికి ఒక గడువు పెట్టించండి.

పార్లమెంటులో శుక్రవారం మధ్యాహ్నాలు ప్రైవేటు సభ్యుల బిల్లులకు ఉన్నాయి. మీ 60 మందిలో మంత్రులు కానివాళ్లు ఎవరు ఈ బిల్లు పెట్టినా పార్టీ చూడకుండా మిగతా 59 మంది మద్దతు ఇవ్వొచ్చు. ముసాయిదా రాయడానికి ఏలూరు నుంచి నేను వస్తాను, కరీంనగర్, విజయవాడ బార్లలో గల్ఫ్ కేసులు, వెట్టి కేసులు చూసిన సీనియర్లనూ వెంటబెట్టుకొస్తాను. వచ్చే సమావేశాలు మొదలయ్యేలోపు మీరు ఈ బిల్లుకు అనుకూలమో కాదో ఒక్కొక్కరూ బహిరంగంగా చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఏలూరు నుంచి ఒక న్యాయవాది